మామిడి లైన్లు, సామ్రాజ్యం ట్రాము

తిరువూరు నుంచి గంపలగూడెం వెళ్ళే దారిలో పదేళ్ళ పైచిలుకు కిందట మూతబడిపోయిన ఇంద్రధనుస్సు పార్కు గురించి ఎవరిని కదిపినా, జెయింటు వీలు గురించో నీళ్ళ జారుడుబల్ల గురించో ఒక మాట అని ఊరుకుంటారు. పార్కింగు సంగతి ఎత్తితే మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. "మా నాన్న ఎప్పుడూ చిన్నరసంలోనే పెట్టేవాడండీ స్కూటరు" అంటారు. "మాది బంగినపల్లి" అని పక్కవాళ్ళు అందుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇదేం అర్థం కాదు. స్కూటరును రసంలో పెట్టడమేమిటని మొహాలు చూస్తారు.

ఆ పేర్లు పెట్టిన మనిషి వినగడప సామ్రాజ్యం. ఇప్పుడామెకు యాభై మూడేళ్ళు. తిరువూరులో ఒక ప్రైవేటు స్కూలు వ్యాను నడుపుతుంది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మెడలో ఇప్పటికీ నల్లతాడుకు కట్టిన ఇత్తడి విజిలు వేలాడుతూ ఉంటుంది. సందులో గేదెలు అడ్డం వస్తే హారను కొట్టదు, విజిలు వేస్తుంది. గేదెలు తప్పుకుంటాయి.

సామ్రాజ్యం నాన్న బాతులు మేపేవాడు. కోతలైన పొలాల వెంట నాలుగైదు వందల బాతుల్ని తోలుకుంటూ కాలవల కింద ఊళ్ళన్నీ తిరిగేవాడు. తల్లి లేని పిల్ల గనక కూతుర్ని వెంట తిప్పుకునేవాడు. ఒక ఊళ్ళో మూడో తరగతి, ఇంకో ఊళ్ళో నాలుగు, అలా ముక్కలు ముక్కలుగా ఐదో తరగతి దాకా చదివిందామె. తెలుగు చక్కగా చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం దగ్గరికి రానివ్వలేదు. పద్దెనిమిదో ఏట వినగడప ఊరి తాపీ మేస్త్రి అంతోనయ్యతో పెళ్ళయింది. చేయి తిరిగిన మేస్త్రి, మాట తక్కువ, భయం ఎక్కువ. పెళ్ళైన కొత్తలో ఆమె సైకిలు తొక్కడం చూసి మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, ఎక్కడ పడుతుందోనని.

తొంభై ఎనిమిదిలో గిరిబాబు పార్కు కట్టడం మొదలుపెట్టాడు. వాళ్ళది ఆ చుట్టుపక్కల పేరున్న రైతు కుటుంబం. తండ్రి దశరథరామయ్యకు ముప్ఫై ఎకరాల మామిడి తోట ఉండేది. కొడుకు ఎక్కడో పెద్ద ఊళ్ళో పార్కు చూసి వచ్చి, మన తోటలోనూ అలాంటిది పెడదాం, విజయవాడ దాకా పోలేని జనం మన దగ్గరికే వస్తారు అన్నాడు. ముసలాయన వారం రోజులు ఆలోచించి ఒక్క షరతు పెట్టాడు.

"ఏం కట్టుకుంటావో కట్టుకో. కాపు కాసే చెట్టు మీద గొడ్డలి పడితే మాత్రం ఒప్పుకోను."

అందువల్ల జారుడుబల్లలూ రంగులరాట్నాలూ చెట్ల సందుల్లో ఇమిడిపోయాయి గానీ, బండ్లు ఆపడానికి చోటు మిగల్లేదు. మిగిలిందల్లా వాగు అవతల, మెయిన్ రోడ్డు పక్కనున్న రాళ్ళ గరువు, మెరక నేల. అక్కడ గడ్డి కూడా మొలవదు. గేటుకు మైలు దూరం. దారిలో వాగు మీద చిన్న చప్టా. అంత దూరం పిల్లాజెల్లతో ఎండలో ఎవరు నడుస్తారని గిరిబాబు తల పట్టుకుంటే, వాళ్ళ ట్రాక్టరు డ్రైవరు చాంద్‌బాషా ఉపాయం చెప్పాడు. తిరువూరు వెల్డింగు షాపులో మూడు పెట్టెలు చేయించారు. పైన రేకు, పక్కల ఖాళీ, లోపల ఎదురెదురు బల్లలు. ముందు ట్రాక్టరుకు రైలింజను మొహం తగిలించి నీలం రంగు వేశారు. పక్కన పెద్ద అక్షరాలతో ‘ట్రాము’ అని రాయించారు.

మొదటిరోజే ఒక లెక్కల మాస్టారు దాని చుట్టూ తిరిగి చూసి, "పట్టాలు లేకుండా ట్రాము ఎలా అవుతుందయ్యా?" అని అడిగాడు.

"పట్టాలు లేకపోతే ఏమండీ, టైర్లున్నాయిగా. ఎక్కండి మాస్టారూ" అన్నాడు చాంద్‌బాషా.

మాస్టారు ఎక్కాడు.

పార్కు ప్రహరీ కట్టింది అంతోనయ్య ముఠాయే. సామ్రాజ్యం తట్టలు మోసింది. పని అయిపోయాక గిరిబాబు ఆమెను పార్కింగు దగ్గర ఊడ్చే పనికి పెట్టుకున్నాడు. మూడేళ్ళ కూతురు గ్లోరిని పార్కింగు టికెట్లిచ్చే చెక్క గదిలో కూర్చోబెట్టి చీపురు పట్టుకునేది.

తొంభై తొమ్మిది మే నెలలో పార్కు తెరిచారు. బండ్లు సర్దడానికి పొరుగూరి నుంచి తెచ్చిన నలుగురు కుర్రాళ్ళు పది గంటలదాకా ఉన్నారు. ఆపైన నీళ్ళ జారుడుబల్ల చూసొస్తామని ట్రాము ఎక్కి వెళ్ళి, సాయంత్రందాకా తిరిగి రాలేదు. పదకొండింటికి సత్తుపల్లి వైపు నుంచి, గంపలగూడెం వైపు నుంచి, తిరువూరు నుంచి జనం ఒక్కసారే దిగారు. ట్రాక్టరు ట్రక్కుల నిండా మనుషులు, అంబాసిడర్లు, స్కూటర్లు, ఒక పెళ్ళి బస్సు. ఎవరికి వాళ్ళు ముందుకు దూరారు. అరగంటలో గరువు మీద బండ్లు ముడి పడిపోయాయి. ముందుకు కదలవు, వెనక్కి కదలవు. అంబాసిడరు యజమానీ ట్రాక్టరు మనిషీ చొక్కాలు పట్టుకునే దాకా వచ్చారు.

సామ్రాజ్యం చీపురు పట్టుకుని ఆ గుంపును చూస్తూ నిలబడింది. అచ్చం బాతుల మందలాగే కనపడింది ఆమెకు. బాతులు ముడిపడితే నాన్న మధ్యలోకి దూరి ఒక్కొక్కదాన్నీ అదిలించేవాడు కాదు. మందకు ముందున్న బాతు ఏదో చూసుకుని దాన్ని తిప్పేవాడు. మిగతావి వాటంతటవే దాని వెనక పడేవి. ఆమె చీపురు పైకెత్తి గుంపుకు అన్నిటికంటే బయటున్న పెళ్ళి బస్సు ముందుకు వెళ్ళింది.

"డ్రైవరు గారూ, నన్ను చూసుకుంటూ రండి. ఎవరేమన్నా ఆగొద్దు."

చీపురు ఊపుతూ ఆమె వెనక్కి నడిచింది, బస్సు ఆమె వెంట వచ్చింది. బస్సు ఖాళీ చేసిన సందులోంచి ట్రాక్టరు, ట్రాక్టరు వెనక అంబాసిడరు. గంట తిరిగేసరికి గరువు మీద వరసలు ఏర్పడ్డాయి. చప్టా దిగి వచ్చిన గిరిబాబు అది చూసి, "ఎవరు సర్దారివి?" అన్నాడు.

"నేనేనండి."

"చీపురుతోనా?"

"విజిలు లేదు కదండీ" అంది సామ్రాజ్యం.

మర్నాడు ఇత్తడి విజిలు వచ్చింది.

అయితే ఆ మొదటిరోజు సాయంత్రమే ఇంకో తలనొప్పి తేలింది. వరసలకు ఇంగ్లీషులో అక్షరాలు రాసిన బోర్డులు పెట్టారు. పొద్దున్న వచ్చినవాళ్ళు ఆ అక్షరాలు సాయంత్రానికి మర్చిపోయారు. సత్తుపల్లి నుంచి వచ్చిన ఒక కుటుంబం తమ మారుతీ వ్యాను కోసం గంటన్నర తిరిగింది. అది ‘డి’ అని కోడలు, ‘బి’ అని అత్తగారు. వ్యాను దొరికే వేళకి వాళ్ళిద్దరూ మాటలు మానేశారు. వ్యాను ఉన్నది ‘ఇ’ లో.

సామ్రాజ్యానికి ఆ రాత్రి అన్నం తింటుండగా ఆలోచన వచ్చింది. పొద్దున్నే గిరిబాబు దగ్గరికి వెళ్ళింది.

"బాబుగారూ, ఆ ఏబీసీడీలు తీయించెయ్యండి. మామిడికాయల పేర్లు రాయిద్దాం. మనవైపు వాళ్ళు ఏదన్నా మర్చిపోతారు గానీ ఏ రకం కాయ తిన్నారో మర్చిపోరు."

గిరిబాబు నవ్వి, నాన్నను అడిగి చెబుతానన్నాడు. అడగక్కర్లేకపోయింది. వరండాలో పడక్కుర్చీలో ఉన్న దశరథరామయ్య వింటూనే ఉన్నాడు. "పేర్లు నేను చెబుతా, రాసుకో" అన్నాడాయన. స్కూటర్లకు చిన్నరసం, బస్సులకూ లారీలకూ పెద్దరసం, కార్లకు బంగినపల్లి, జీపులకు సువర్ణరేఖ, ట్రాక్టర్లకు కలెక్టరు. సైకిళ్ళకు ఏం పెట్టాలో తోచలేదు ఆయనకు. సామ్రాజ్యం ‘పంచదార కలశ’ అంది. సైకిలు మీద వచ్చినవాళ్ళకి మంచి పేరుండాలని ఆమె పట్టు. పెయింటరు ప్రతి బోర్డు మీదా అక్షరాల పక్కన ఆ కాయ బొమ్మ కూడా వేశాడు.

ఆ తర్వాత బండి పోగొట్టుకున్నవాళ్ళు లేరు. కొత్త తగువులు మాత్రం వచ్చాయి. ఒక రిటైరైన ఆఫీసరుగారు బంగినపల్లి నిండిపోయిందంటే కలెక్టరులో పెట్టనన్నాడు. పుల్లటి కాయ పేరున్న వరసలో తన కారు ఉండటం ఆయనకు ఇష్టం లేదు. "అదే కాయ పచ్చడి పెడితే రెండు ముద్దలు ఎక్కువ తింటారుగా సార్" అని సామ్రాజ్యం విజిలు వేసింది. ఆయన కలెక్టరులోనే పెట్టాడు. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా తిన్నగా అక్కడికే పోయేవాడు.

జనానికి పార్కు ట్రాము ఎక్కడంతోనే మొదలయ్యేది. చాంద్‌బాషా ఇంజను మీద కూర్చుని మైకులో మాట్లాడేవాడు. "పెట్టె బయటికి చేతులు పెట్టకండి. కుడివైపు కనపడేది వాగు. ఎడమవైపు కనపడేది గిరిబాబుగారి మామయ్యగారి గేదె, అది రోజూ ఇక్కడే ఉంటుంది." పిల్లలు ఆ గేదె కోసం ఎదురు చూసేవాళ్ళు. గేదె లేని రోజున "గేదె సెలవులో ఉంది" అని చెప్పేవాడు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో అందరి జుట్టూ తడిసి ఉండేది, పిల్లలు ఒళ్ళో నిద్రపోయేవాళ్ళు. అప్పుడు చాంద్‌బాషా మైకు కట్టేసి నెమ్మదిగా నడిపేవాడు. 

ఇంజను నడపడం సామ్రాజ్యానికి నేర్పింది కూడా ఆయనే. రోజూ ఉదయం ఆరింటికి గరువు ఖాళీగా ఉండేది. ఒకనాడు ఆమె చీపురు ఆపి స్టీరింగు వంక చూస్తూ ఉంటే, "ఎక్కు చెల్లెమ్మా, చూస్తే ఏమొస్తుంది" అన్నాడు. ముందుకు నడపడం నాలుగు రోజుల్లో వచ్చింది. ఒక పెట్టె తగిలించి వెనక్కి నడపడానికి రెండు నెలలు పట్టింది.

"పెట్టె ఎడమకి పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి. ఆలోచించావంటే తప్పుతావు. చెయ్యికి అలవాటు చెయ్యి" అనేవాడు.

"అన్నా, రెండుసార్లు రోడ్డు పక్క చింతచెట్టుకి తగిలించాను. గిరిబాబుగారు చూస్తే?"

"చెట్టు ఏమన్నా అన్నదా? అనలేదుగా. మళ్ళీ తిప్పు."

సంగతి అంతోనయ్యకు తెలిసిన రోజున ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని, "నీకేమన్నా అయితే పిల్ల ఏమైపోవాలి?" అన్నాడు. సామ్రాజ్యం మర్నాడు ఉదయం అతన్ని గరువు మీదికి తీసుకెళ్ళి పెట్టెలో కూర్చోబెట్టి మూడు చుట్లు తిప్పింది. దిగాక అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "రెండో చుట్టు బాగుంది" అన్నాడు చివరికి. ఆ నెలలోనే చాంద్‌బాషా దగ్గరుండి ఆమెకు లైసెన్సు తీయించాడు. పరీక్ష రోజున ఆమె వెనక్కి నడిపింది చూసి ఇనస్పెక్టరుగారు ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగితే, పార్కులో అని చెప్పింది. ఆయన ఆటల బండి అనుకున్నాడు.

లైసెన్సు వచ్చినా ట్రాము మాత్రం చాంద్‌బాషాదే. ఆయన లేనప్పుడు ఇంకో డ్రైవరు వచ్చేవాడు. సామ్రాజ్యానికి విజిలు చాలనుకునేవారు అందరూ.

రెండువేల ఆరు ఆగస్టు పదిహేనున అది మారింది. ఆ రోజే చాంద్‌బాషా కూతురు తహమీనా పెళ్ళి. ఆయన సెలవులో ఉన్నాడు. సెలవు రోజు గనక పార్కులో ఐదు వందల మంది దాకా ఉన్నారు. మధ్యాహ్నం పైన ఎక్కడో వాన పడింది, ఇక్కడ ఎండ అలాగే ఉంది. నాలుగు గంటలకు చప్టా మీదికి నీళ్ళు వచ్చాయి. నాలుగున్నరకు మోకాలు లోతుకు చేరాయి. జనమంతా పార్కు వైపు, వాళ్ళ బండ్లన్నీ గరువు వైపు. ఆ రోజుకు వచ్చిన డ్రైవరు నీళ్ళ వంక చూసి, చప్టా అంచు కనపడటం లేదు, నేను నడపనని ట్రాక్టరు దిగిపోయాడు. అతని తప్పు లేదు, దారి అతనికి కొత్త.

సామ్రాజ్యం అప్పుడు గేటు దగ్గరే ఉంది. గిరిబాబు ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

"బాబుగారూ, నేను తీసుకెళతానండి" అందామె.

"నీళ్ళు చూశావా?"

"ముందు నడిచి చూస్తా. కాలికి చప్టా గట్టిగా తగిలితేనే బండి దింపుతా."

వెదురు కర్ర పట్టుకుని నీళ్ళలోకి దిగింది. సగం దూరం పోయేసరికి అవతలి ఒడ్డు నుంచి ఇంకో మనిషి కర్రతో వస్తూ కనపడ్డాడు. అంతోనయ్య. భార్యను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి నీళ్ళు చూసి ఆగినవాడు. ఆ చప్టా అంచు రాళ్ళు పేర్చింది అతనే. ఎక్కడ ఏ రాయి ఉందో అతనికి తెలుసు.

"వెనక్కి పో" అన్నాడు అంతోనయ్య.

"పోను. అంచు ఎక్కడుందో చూపించు."

అతను ఆమె మొహం చూశాడు. భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి కర్రకు కట్టాడు. నడుముకు తాడు బిగించుకుని, దాని రెండో కొస ఒడ్డు మీది తాటిచెట్టుకు కట్టించి, చప్టా అంచున నీళ్ళలో నిలబడ్డాడు. "ఈ తువ్వాలుకి నాలుగు అడుగులు కుడిగా రా. ఒక్క అడుగు కూడా ఇటు రావద్దు."

సామ్రాజ్యం మూడో పెట్టె విప్పించింది. బరువు లేని తోక పెట్టెను నీళ్ళు పక్కకు లాగుతాయని ఆమె భయం. రెండు పెట్టెల్లో నలభై మంది. ఎవరో పెద్దమనిషి తనకు అర్జెంటు పనుందని ముందుకు తోసుకొచ్చాడు.

"పిల్లలూ ముసలివాళ్ళూ ముందండి. మీ కారు బంగినపల్లిలో నిక్షేపంగా ఉంది, ఎక్కడికీ పోదు" అంది. ఆయన వెనక్కి జరిగాడు.

మొదటిసారి చప్టా మీదికి దిగినప్పుడు ఇంజను మోత తప్ప ఏమీ వినపడలేదు. నీళ్ళు టైర్లను కొట్టి ఎగిరాయి. ఆమె కళ్ళు ఎర్ర తువ్వాలు మీదే ఉన్నాయి. "నెమ్మది, నెమ్మది" అని అంతోనయ్య అరుస్తున్నాడు. సామ్రాజ్యం అతని కంగారు ఆపడానికి విజిలు వేసింది. పెట్టెలో ఒక పిల్లవాడు కిలకిలా నవ్వాడు, దాంతో పెద్దవాళ్ళూ నవ్వారు. అవతల ఒడ్డున అందరినీ దింపింది, అక్కడి నుంచి గరువుకు నడిచారు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. పదమూడు సార్లు తిరిగింది. చివరి ట్రిప్పులో గిరిబాబు కూడా ఎక్కాడు. పొద్దు గుంకేసరికి గరువు మీది బండ్లన్నీ రోడ్డెక్కాయి.

అంతోనయ్య నీళ్ళలోంచి వచ్చి నడుముకున్న తాడు విప్పుకున్నాడు. సామ్రాజ్యం అతని చేతిలోంచి తువ్వాలు తీసుకుని పిండి, తల తుడిచింది. ఇద్దరికీ ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పెళ్ళి పనుల్లోంచి ఆ రాత్రే కబురు విన్న చాంద్‌బాషా మర్నాడు బిర్యానీ గిన్నెతో వినగడప వచ్చాడు. "పెళ్ళికి రాలేదని పెళ్ళే తెచ్చా" అన్నాడు. ఆ వారం నుంచి ట్రాముకు ఇద్దరు డ్రైవర్లు. ఆమె నడిపే రోజుల్లో జనం ‘ట్రామమ్మ బండి’ అని అడిగి ఎక్కేవారు. మైకులో ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. గేదె కనపడితే విజిలు వేసేది, అంతే.

పార్కు పద్నాలుగేళ్ళు నడిచింది. పెద్ద ఊళ్ళలో కొత్తవి వచ్చాయి, రోడ్లు బాగుపడి అక్కడికి పోవడం తేలికైంది. ఇక్కడి యంత్రాలకు సామాను దొరకడం మానేసింది. రెండువేల పదమూడులో గిరిబాబు అందరినీ పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆఖరి రోజున టికెట్టు లేకుండా తలుపులు తీశాడు. పనివాళ్ళు తమ పిల్లల్ని తెచ్చుకుని జారుడుబల్లలన్నీ జారారు. అన్నేళ్ళలో జెయింటు వీలు ఎప్పుడూ ఎక్కని సామ్రాజ్యం ఆ రోజు ఎక్కి, పై నుంచి గరువును చూసింది. ఖాళీగా, సుద్దగీతలతో, తను గీసిన వరసలతో చాలా చిన్నదిగా కనపడింది. అంతోనయ్య కింద నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

ఆ తర్వాత సామ్రాజ్యం స్కూలు వ్యాను పట్టింది. గ్లోరి చదువుకుని టీచరైంది. చాంద్‌బాషా కొడుకు నాజిమ్ బస్టాండు దగ్గర వెల్డింగు షాపు పెట్టాడు. పార్కు స్థలంలో మళ్ళీ మామిడి మొక్కలు నాటారు. అక్కడితో అయిపోయిందని అందరూ అనుకున్నారు.

నిరుడు చలికాలంలో గ్లోరి ఇంట్లో పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే ఒక ఫోటో దొరికింది. నీలం ఇంజను మీద ఖాకీ చొక్కా వేసుకున్న అమ్మ, పక్కన బోర్డు మీద సువర్ణరేఖ కాయ బొమ్మ. దాన్ని నలుగురూ చూసేలా ఫోనులో పెట్టి, "ఇది మా అమ్మ. ఇది మన పార్కింగు. ఎవరికైనా గుర్తుందా?" అని రాసింది. వ్యాను కడిగి వచ్చిన తల్లికి సాయంత్రం కూర్చోబెట్టి చదివి వినిపించింది.

"చూడమ్మా, మూడు వందల మంది రాశారు. వీళ్ళది ఖమ్మం. ‘పెద్దరసంలో మా స్కూలు బస్సు ఆగగానే ట్రాము దాకా పరుగు పందెం పెట్టుకునేవాళ్ళం’ అంట. వీళ్ళ పెళ్ళిచూపులు ట్రాములో అయ్యాయంట. ఎదురెదురు బల్లలు గదా, తప్పించుకోను కుదర్లేదు అని రాశాడు."

"జెయింటు వీలు గురించి ఎవరూ రాయలేదా?"

"ఒక్కరు రాశారు. పై నుంచి పార్కింగు కనపడేదని."

ఆ రాత్రి పడుకోబోయే ముందు సామ్రాజ్యం, "ఆ పెళ్ళిచూపుల వాళ్ళది ఇంకోసారి చదువు" అంది.

నాలుగు రోజుల తర్వాత గిరిబాబు వినగడప వచ్చాడు. జుట్టు తెల్లబడింది, చేతిలో కర్ర. అంతోనయ్య కుర్చీ వేశాడు.

"నెమలి ఊరి తిరునాళ్ళ పనుల్లో నన్ను కూడా వేశారు సామ్రాజ్యం" అన్నాడు గిరిబాబు. "ఏటేటా జనం పెరుగుతున్నారు. బండ్లు ఊరి బయటే ఆపాలి. అక్కడి నుంచి గుడిదాకా ముసలివాళ్ళు నడవలేకపోతున్నారు. గ్లోరి పెట్టిన ఫోటో మా మనవరాలు కీర్తన చూపించింది. ట్రాము మళ్ళీ నడుపుదామా?"

"నాకేం అభ్యంతరం లేదండి. పెట్టెలు ఎక్కడున్నాయో మరి."

"అదే నాకూ తెలియదు. అప్పుడు ఎవరడిగితే వాళ్ళకిచ్చేశా."

తర్వాతి ఆదివారం పెట్టెల వేట మొదలైంది. డెబ్బై దాటిన చాంద్‌బాషా ముందు సీట్లో కూర్చున్నాడు, సామ్రాజ్యం వ్యాను నడిపింది, నాజిమ్ వెనక కొలతల టేపుతో. మొదటి పెట్టె ఒక ఇటుకల బట్టీ దగ్గర దొరికింది. కాపలావాళ్ళు దానికి దోమతెర కట్టుకుని పడక చేసుకున్నారు. నాజిమ్ వాళ్ళకి ఇనప మంచాలు చేసిస్తానంటే సంతోషంగా ఇచ్చేశారు. రెండోది గిరిబాబు పాత షెడ్డులోనే, గడ్డి మోపుల కింద. మూడోది ఒక ఊరి బడి ఆవరణలో ఉంది. వీళ్ళు వెళ్ళేసరికి మధ్యాహ్నం పిల్లలు అందులో ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటున్నారు. ఒక ఆడపిల్ల చాంద్‌బాషాను చూసి, "ఇది మా రైలు తాతా" అంది.

చాంద్‌బాషా దాని చుట్టూ తిరిగి, చక్రం మీద చెయ్యి వేసి చూశాడు. "దీనికి కొక్కెం విరిగింది. మనకు పనికిరాదు" అన్నాడు.

కొక్కెం బాగానే ఉంది. సామ్రాజ్యం చూసింది, నాజిమ్ కూడా చూశాడు. నాజిమ్ కొలతల టేపు జేబులో పెట్టుకున్నాడు. ముగ్గురూ వ్యాను ఎక్కారు.

రెండు పెట్టెలకే తుప్పు గీకి, కొత్త రేకు వేసి, బల్లలు బిగించి, నీలం రంగు పూశారు. ట్రాక్టరు గిరిబాబుదే, కొత్తది. ఫాల్గుణంలో తిరునాళ్ళు మొదలైన రోజు ఉదయం ఊరి బయట కోసిన మొక్కజొన్న చేలో సామ్రాజ్యం సుద్దతో వరసలు గీయించింది. బోర్డులు గ్లోరి రాసింది. తిరునాళ్ళకు వచ్చిన కార్లలోంచి నలభై ఏళ్ళవాళ్ళు దిగి, బంగినపల్లి బోర్డు చూసి ఆగిపోయి, పిల్లల్ని దగ్గరికి పిలిచి ఏదో చెప్పడం మొదలుపెట్టారు. ట్రాము దగ్గరికి వచ్చినవాళ్ళు ఇంజను మీది మనిషిని గుర్తుపట్టారు. "ట్రామమ్మ గారూ, మేం వాగు దాటిన రోజున ఉన్నామండీ" అన్నదొకావిడ. అప్పుడు ఆమె ఒళ్ళో ఉన్న పిల్ల ఇప్పుడు ఆమెకంటే పొడుగు. చాంద్‌బాషా వెనక పెట్టెలో కూర్చుని మైకు పట్టుకున్నాడు. కొత్త దారిలో గేదె లేదు. ఉన్నవాటినే చూపించాడు: బెల్లం జీళ్ళ కొట్టు, రంగులరాట్నం, ఇంకాస్త దూరంలో గుడి గోపురం.

మూడు రోజులు నడిపారు. అంతోనయ్య మొదటిరోజు దారి పక్కన నిలబడి చూశాడు, రెండోరోజు నుంచి పెట్టె మెట్టు దగ్గర ముసలివాళ్ళకు చెయ్యందించే పని తనే పెట్టుకున్నాడు.

ఆఖరి రోజు సాయంత్రం జనం పలచబడ్డారు. సీతారావమ్మ అనే ఎనభై ఏళ్ళావిడ గుడి దగ్గర ఎక్కింది. నెమలి ఊరే. మోకాళ్ళ నొప్పులతో ఆరేళ్ళుగా ఇంటి గడప దాటలేదట. మనవడు ఎత్తుకొచ్చి ఎక్కించాడు. బండ్లు ఆపిన చేను దగ్గర అందరూ దిగారు, ఆవిడ దిగలేదు.

"దిగండి మామ్మగారూ, వచ్చేశాం" అంది సామ్రాజ్యం.

"నాకు ఇక్కడ బండేం లేదే అమ్మా. నేను ఊరికే ఎక్కా." ఆవిడ బల్లమీద సర్దుకుని కూర్చుంది. "నీదే ఊరు?"

"వినగడపండి."

"పేరు?"

"సామ్రాజ్యం."

"పేరు బాగుంది. ఇంకోసారి తిప్పుతావా? ఊరి అవతల మా చేను ఉంది. మిరప వేశారంట. చూడాలి."

ఆ దారి తిరునాళ్ళ దారి కాదు. సామ్రాజ్యం చాంద్‌బాషా వంక చూసింది. ఆయన అప్పటికే పెట్టెలో కాళ్ళు చాపుకున్నాడు. అంతోనయ్య మెట్టు ఎక్కి సీతారావమ్మ పక్కన కూర్చున్నాడు, ఆవిడ పడకుండా. సామ్రాజ్యం గేరు మార్చి ట్రామును ఊరి అవతలి మట్టిరోడ్డు మీదికి తిప్పింది. ఎర్రగా పండిన మిరప చేల మధ్య, పొద్దు ఇంకా ఉండగానే, ట్రాము నెమ్మదిగా పోయింది. సీతారావమ్మ ఒక్కో చేనూ చూపిస్తూ అది ఎవరిదో, ఒకప్పుడు అక్కడ ఏం పండేదో చెబుతూ ఉంటే, ముందు నుంచి సామ్రాజ్యం ఇంజను మోతలో సగం విని, సగం వినకుండానే ఊఁ కొడుతూ నడిపింది.